డిస్కు పోతే డేటా ఎక్కడికి వెళ్తుంది: ఒక్క సర్వర్‌లో నెస్టెడ్ స్టోరేజ్ ల్యాబ్ కట్టుకునే పద్ధతి

మూడు నోడ్లు, అంటే మూడు సర్వర్లు కలిసిన ఒక స్టోరేజ్ క్లస్టర్. నోడుకు మూడు డిస్కులు. అన్నీ 60 శాతం నిండి ఉన్నాయి. ఆ రాత్రి ఒక డిస్కు పోయింది. డేటాను కాపీలు చేసి నోడ్ల మధ్య పంచి ఉంచే సాఫ్ట్‌వేర్ సెఫ్, అది తన పని తాను చేసుకుంటుందిలే అని నిబ్బరంగానే కూర్చున్నాను. కాసేపటికి రికవరీ ఆగిపోయింది, స్క్రీన్ మీద 'బ్యాక్‌ఫిల్ టూఫుల్' అని పడింది. పక్కనున్న జూనియర్ కుర్రాడు, "అన్నా, 40 శాతం ఖాళీ ఉంది కదా, నిండిపోయిందంటుందేంటి?" అని అడిగాడు. ఆ క్షణాన నా దగ్గర జవాబు లేదు. తెల్లారేలోపు కొత్త డిస్కు పెట్టి ఎలాగో గట్టెక్కాం గానీ, ఆ ప్రశ్న మాత్రం నన్ను వదల్లేదు.

అసలు డేటా ఉన్న క్లస్టర్ మీద మొదటిసారి రికవరీ చూడటమే నేను చేసిన పొరపాటు. ఆ తర్వాత ఒకే ఒక్క సర్వర్ మీద మూడు నోడ్ల సెఫ్ క్లస్టర్ కట్టుకున్నాను. దాన్ని చాలాసార్లు పగలగొట్టాను, మళ్లీ నిలబెట్టాను. మీరూ అలాంటిది కట్టుకోవడానికి కావలసినదంతా ఇక్కడ రాస్తున్నాను. వేగం కోసం కట్టే ల్యాబ్ కాదిది. ఏది పోతే ఏం జరుగుతుందో కళ్లారా చూడటానికి కట్టేది. కింద చెప్పే ప్రతి సెట్టింగూ ఆ ఒక్క పని కోసమే.

మాట తికమక కాకుండా ముందే పేర్లు పెట్టుకుందాం. ఇనుప సర్వర్ మీద నేరుగా నడిచేది అడుగు పొర. దాని మీద నడిచే మూడు వర్చువల్ మెషీన్లు (వీఎంలు), అంటే మన సెఫ్ నోడ్లు, మధ్య పొర. ఆ నోడ్ల మీద నడిచే చిన్న వీఎంలు పై పొర. ఇలా వీఎంలో వీఎం నడపడాన్నే నెస్టెడ్ అంటారు. ఇంగ్లిష్ పత్రాల్లో వీటినే ఎల్0, ఎల్1, ఎల్2 అంటారు. నేను మూడు పొరల్లో పైన తప్ప మిగతా రెండింట్లోనూ వీఎంలు నడిపే ప్రాక్స్‌మాక్స్ వాడతాను. ఎందుకంటే అందులో కెవిఎం (లినక్స్ వర్చువలైజేషన్), సెఫ్ రెండూ కలిసే వస్తాయి. మామూలు డెబియన్ మీద లిబ్‌వర్ట్‌తో కట్టుకున్నా పద్ధతి ఇదే.

ఇనుము

అన్నిటికన్నా ముందు కావలసింది మెమరీ. 128 జీబీ ఉంటే హాయిగా ఉంటుంది, 64తో కూడా నడుస్తుంది. లెక్క ఇలా వేసుకోండి. సెఫ్‌లో డిస్కుకొక ఓఎస్‌డీ ప్రాసెస్ ఉంటుంది. ఒక్కో ఓఎస్‌డీ మెమరీ టార్గెట్ డిఫాల్ట్‌గా 4 జీబీ. ల్యాబ్‌లో దాన్ని 2 జీబీకి దించుతాను, అంతకన్నా కిందికి పోను. నోడుకు మూడు ఓఎస్‌డీలంటే 6 జీబీ. క్లస్టర్ పరిస్థితిని కనిపెట్టుకుని ఉండే మానిటర్, మేనేజర్ ప్రాసెస్‌లకు కలిపి 2, ఆపరేటింగ్ సిస్టమ్‌కు 2, పై పొరలో నడిచే వీఎంలకు 4. కొంచెం వెసులుబాటు కలుపుకుంటే నోడుకు 16 జీబీ, మూడింటికి 48. అందుకే 64 జీబీ మెషీన్ మీద మూడు నోడ్లు సరిపోతాయి. చివర్లో చెప్పే నాలుగో నోడు కావాలంటే మాత్రం 128 ఉండాలి.

కోర్లు 12 నుంచి 16 ఉంటే చాలు. డిస్కుల విషయానికొస్తే, సిస్టమ్‌కు ఒక చిన్న ఎస్‌ఎస్‌డీ, ల్యాబ్‌కు వేరుగా 1 టీబీ ఎన్‌వీఎంఈ ఒకటి. ఈ రెండోదానికి పవర్ లాస్ ప్రొటెక్షన్ ఉంటే చాలా మేలు. సెఫ్ ప్రతి రాతనూ డిస్కులో నిజంగా పడిందని రూఢి చేసుకున్నాకే అవుననే జవాబు ఇస్తుంది. కెపాసిటర్ ఉన్న ఎంటర్‌ప్రైజ్ ఎస్‌ఎస్‌డీ ఆ ఫ్లష్ అడిగిన వెంటనే సరేనంటుంది. ఇంట్లో వాడే రకం నిజంగా సెల్స్‌లోకి రాసేదాకా ఆగుతుంది. డబ్బా మీద వేసిన వేగం చూసి కొంటే ఇక్కడే దెబ్బ తింటాం. సెకండ్ హ్యాండ్‌లోనైనా సరే, ఎంటర్‌ప్రైజ్ రకమే వెతకండి.

ఒక హెచ్చరిక కూడా ఇక్కడే చెప్పేస్తాను. మూడు నోడ్లు, మూడు కాపీలు అని స్క్రీన్ మీద ఎంత అందంగా కనిపించినా, మూడు కాపీలూ ఉన్నది ఆ ఒక్క ఎన్‌వీఎంఈలోనే. అది పోతే అన్నీ పోతాయి. మీ ఫోటోలు, కాగితాలు, పని ఫైళ్లు ఈ ల్యాబ్‌లో పెట్టకండి.

నెస్టెడ్ తెరవడం

బయాస్‌లో వర్చువలైజేషన్ ఆన్ చెయ్యాలి. ఇంటెల్‌లో వీటీ-ఎక్స్ అని, ఏఎండీలో ఎస్‌వీఎం అని ఉంటుంది. తర్వాత అడుగు పొరలో కెవిఎం మాడ్యూల్ పారామీటర్లలో 'నెస్టెడ్' విలువ చూడండి. 1 అనో వై అనో ఉంటే సరే. ఏఎండీలో ఇది ఎప్పటి నుంచో ఆన్‌లోనే ఉంటుంది. ఇంటెల్‌లో లినక్స్ కెర్నల్ 4.20 నుంచి డిఫాల్ట్‌గా ఆన్. పాత కెర్నల్ అయితే మోడ్‌ప్రోబ్ ఆప్షన్లలో ఆన్ చేసి, నడిచే వీఎంలన్నీ ఆపి, మాడ్యూల్ తీసి మళ్లీ ఎక్కించాలి. ఒక్క వీఎం నడుస్తున్నా మాడ్యూల్ దిగదు.

ఇది సగం పనే. రెండో సగం చాలామంది మర్చిపోతారు. మధ్య పొర వీఎంల సీపీయూ రకం 'హోస్ట్' అని పెట్టాలి. వేరే మోడల్ పెడితే లోపలి మెషీన్‌కు వర్చువలైజేషన్ ఫ్లాగ్ కనబడకపోవచ్చు. నోడు లేచాక అందులోకి వెళ్లి ఎల్ఎస్‌సీపీయూ కొట్టండి. ఇంటెల్ అయితే వీఎంఎక్స్, ఏఎండీ అయితే ఎస్‌వీఎం అన్న ఫ్లాగ్ కనిపించాలి. డెవ్ డైరెక్టరీలో కెవిఎం అన్న ఫైలు ఉండాలి. అది లేకుండా ముందుకు పోతే, పై పొర వీఎం లేవదు. లేకపోతే సాఫ్ట్‌వేర్ ఎమ్యులేషన్‌లో నత్తలా నడుస్తుంది.

పై పొర ఎందుకు నెమ్మదో తెలిస్తే అనవసరంగా కంగారు పడరు. పై పొర వీఎం ఏదైనా ప్రత్యేక పని చేస్తే ఆ పిలుపు ముందు అడుగు పొరకు వస్తుంది. అది మధ్య పొరకు అప్పజెప్పాలి. మధ్య పొర దాన్ని చూసుకునే క్రమంలో మళ్లీ అడుగు పొరను చాలాసార్లు పిలుస్తుంది. ఒక్క పిలుపు పది పిలుపులవుతుంది. 2013 హాస్‌వెల్ తరం నుంచి ఇంటెల్ ప్రాసెసర్లలో వచ్చిన వీఎంసీఎస్ షాడోయింగ్ ఈ భారాన్ని బాగా తగ్గించింది. అందుకని మరీ పాత సర్వర్ ఎంచుకోకండి. లెక్కలు చేసే పని పై పొరలో కూడా బాగానే నడుస్తుంది, డిస్కు, నెట్‌వర్క్ పనిలోనే ఈ తేడా తెలుస్తుంది.

అడుగు పొర డిస్కు: జెడ్‌ఎఫ్‌ఎస్ వద్దని ఎందుకంటున్నాను

నేను మొదటి ల్యాబ్ మామూలు డెబియన్ మీద, జెడ్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్‌తో కట్టాను. జెడ్‌ఎఫ్‌ఎస్ అంటే నాకు చాలా ఇష్టం, నా సొంత డేటా అంతా దాని మీదే ఉంది. కానీ ఇక్కడ రెండు ఇబ్బందులు వచ్చాయి.

మొదటిది రాతలు పెరిగిపోవడం. పై పొర వీఎం ఒక చిన్న 4 కేబీ ముక్క రాస్తే, సెఫ్ దాన్ని మూడు నోడ్లకు పంపుతుంది. ప్రతి ఓఎస్‌డీ డేటాతో పాటు దాని వివరాలను తన లాగ్‌లోనూ రాస్తుంది. ఆ ప్రతి రాతనూ కింద జెడ్‌ఎఫ్‌ఎస్ మళ్లీ తన పద్ధతిలో కొత్త చోట రాస్తుంది. జడ్‌వాల్ (వీఎంకు డిస్కుగా ఇచ్చే జెడ్‌ఎఫ్‌ఎస్ వాల్యూమ్) బ్లాక్ 8 లేదా 16 కేబీ అయితే 4 కేబీ మార్పుకు బ్లాక్ మొత్తం చదివి మళ్లీ రాయాలి. ఇన్ని పొరల కిందున్నది ఒకే ఎన్‌వీఎంఈ. ల్యాబ్ నడుస్తున్నంతసేపూ ఎస్‌ఎస్‌డీ ఆయుష్షు కరిగిపోతూనే ఉంటుంది.

రెండోది వింతైనది. ఒకరోజు అడుగు పొరలో ఎల్‌వీఎం (డిస్కులను వాల్యూమ్‌లుగా విడదీసే లినక్స్ పద్ధతి) వాల్యూమ్ గ్రూపుల జాబితా చూశాను. అక్కడ ఉండాల్సింది ఒకటి. కనిపించినవి పది, తొమ్మిదింటి పేర్లు సెఫ్‌తో మొదలవుతున్నాయి! సెఫ్ తన ఓఎస్‌డీ డిస్కు మీద ఎల్‌వీఎం రాసుకుంటుంది. ఆ డిస్కు అడుగు పొరకు ఒక జడ్‌వాల్ డివైస్‌గా కనిపిస్తుంది కాబట్టి, అడుగు పొర ఎల్‌వీఎం దాన్నీ చదివి తనదే అనుకుని తెరిచేసింది. వీఎం తీసేద్దామంటే జడ్‌వాల్ బిజీ అంటూ మొరాయించింది. ఎవరు పట్టుకున్నారో తెలియక సగం రోజు పోయింది. ఎల్‌వీఎం కాన్ఫిగ్‌లో గ్లోబల్ ఫిల్టర్ పెట్టి జడ్‌వాల్ డివైస్‌లను చూడొద్దని చెబితే ఈ గొడవ పోతుంది. ప్రాక్స్‌మాక్స్ ఆ ఫిల్టర్‌ను ముందే పెట్టి ఇస్తుంది. మామూలు డెబియన్‌లో అయితే మీరే పెట్టుకోవాలి.

ఇప్పుడు నేను ల్యాబ్ డిస్కులకు ఎల్‌వీఎం-థిన్ (రాసినప్పుడే చోటు తీసుకునే రకం) వాడుతున్నాను. పొర తేలిక, స్నాప్‌షాట్లు ఉంటాయి. ఒక్కటి గుర్తుంచుకోండి. థిన్ పూల్ నిండితే పైనున్న వీఎంలన్నిటికీ ఒకేసారి రాత ఎర్రర్లు వస్తాయి, దాని నుంచి బయటపడటం కష్టం. పూల్ డేటా శాతంతో పాటు మెటాడేటా శాతం కూడా చూస్తూ ఉండండి. ఇంకొకటి, సెఫ్‌లో ఆబ్జెక్టులు చెరిపినా కింద థిన్ పూల్ ఖాళీ అవదు. ఓఎస్‌డీలో డిస్కు మీద రాసే భాగం బ్లూస్టోర్. అందులో డిస్కార్డ్, అంటే చెరిపిన చోటు ఖాళీ అని కింది డిస్కుకు చెప్పడం, డిఫాల్ట్‌గా ఆఫ్‌లో ఉంటుంది. ఒకసారి రాసిన చోటు రాసినట్టే ఉంటుంది. స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్తేనే ఆ చోటు తిరిగొస్తుంది.

నోడ్లు, నెట్‌వర్కులు

అడుగు పొరలో మూడు బ్రిడ్జిలు పెట్టండి. మొదటిది మేనేజ్‌మెంట్‌కు, దీనికి మాత్రమే అసలు నెట్‌వర్క్ కార్డు తగిలించాలి. రెండోది సెఫ్ పబ్లిక్ (వీఎంలు, మానిటర్లు సెఫ్‌తో మాట్లాడే దారి), మూడోది సెఫ్ క్లస్టర్ (ఓఎస్‌డీలు తమలో తాము కాపీలు పంపుకునే దారి). ఈ రెండింటికీ ఏ కార్డూ అక్కర్లేదు, ట్రాఫిక్ సర్వర్ లోపలే తిరుగుతుంది. ఒకే సర్వర్‌లో రెండెందుకంటే, ఏది తెగితే ఏమవుతుందో విడివిడిగా చూడటానికి.

ఎమ్‌టీయూ (ఒక ప్యాకెట్ గరిష్ఠ సైజు) 9000 పెట్టాలనుకుంటే బ్రిడ్జిలో, వీఎం కార్డులో, నోడు లోపల, మూడు చోట్లా పెట్టాలి. నేను ఒకసారి బ్రిడ్జి దగ్గర మర్చిపోయాను. మానిటర్లు కలుసుకున్నాయి, ఓఎస్‌డీలన్నీ అప్ అని చూపించాయి, కానీ పీజీలు (సెఫ్ డేటాను పంచడానికి చేసే గుంపులు) మాత్రం పీరింగ్ (కాపీలున్న ఓఎస్‌డీలు ఒకదానితో ఒకటి సరిచూసుకునే దశ) దగ్గరే కూరుకుపోయాయి. చిన్న ప్యాకెట్లు చేరుతున్నాయి, పెద్దవి మాయమవుతున్నాయి. దీనికి పరీక్ష ఒక్కటే: ముక్కలు చేయొద్దనే ఆప్షన్‌తో 8972 సైజు పింగ్ కొట్టండి. 9000లో ఐపీ హెడర్ 20, ఐసీఎంపీ హెడర్ 8 తీసేస్తే మిగిలేది అదే. అది చేరిందంటే అన్నీ చేరతాయి. ఇప్పుడు నేను ప్రతి నోడు నుంచి మిగతా రెండింటికీ ఈ పింగ్ కొట్టాకే సెఫ్ మొదలుపెడతాను.

నోడు వీఎంకు డిస్కులిచ్చేటప్పుడు కంట్రోలర్ వర్ట్ఐఓ స్కజీ సింగిల్ ఎంచుకుని, ఐఓ థ్రెడ్ ఆన్ చెయ్యండి. సిస్టమ్‌కు 32 జీబీ డిస్కు ఒకటి, సెఫ్‌కు 20 జీబీవి మూడు. 20 చాలా చిన్నదనిపించవచ్చు, కావాలనే పెట్టాను. మనకు క్లస్టర్ నిండాలి, అదీ త్వరగా నిండాలి. డిస్కు ఎంత పెద్దదైతే ప్రతి ప్రయోగానికీ అంత సేపు రాయాలి, అంత ఎస్‌ఎస్‌డీ అరుగుతుంది.

ప్రతి డిస్కుకూ సీరియల్ నంబర్ ఇవ్వండి. నోడు నంబర్, డిస్కు నంబర్ కలిపి ఇస్తే చాలు. ఇవ్వకపోతే లోపల ఏది ఏ డిస్కో గుర్తుపట్టడానికి ఆధారం ఉండదు, ఒకటి పీకబోయి ఇంకోటి పీకుతారు. అసలు డేటా సెంటర్‌లో కూడా సీరియల్ చూసే డిస్కు తీస్తాం, ఆ అలవాటు ఇక్కడి నుంచే రావాలి. అలాగే ఎస్‌ఎస్‌డీ ఎమ్యులేషన్ టిక్ చెయ్యండి. లేకపోతే డిస్కు తిరిగే రకంగా కనిపించి, సెఫ్ దాన్ని హెచ్‌డీడీ క్లాస్‌లో వేస్తుంది.

మెమరీ బెలూనింగ్ ఆఫ్ చెయ్యండి. ఓఎస్‌డీ కింద నుంచి మెమరీ లాగేస్తే అది చచ్చిపోవచ్చు, అప్పుడు మీరు చూస్తున్నది డిస్కు పోయిన ప్రభావమో, మెమరీ పోయిన ప్రభావమో తెలియదు. డిస్కు క్యాషె మోడ్ 'నన్' ఉంచండి. మీ ఎస్‌ఎస్‌డీకి కెపాసిటర్ లేక మరీ నెమ్మదిస్తే 'అన్‌సేఫ్' పెట్టుకోవచ్చు. అప్పుడు ఫ్లష్‌లను అడుగు పొర పట్టించుకోదు. వీఎంను బలవంతంగా ఆపినా డేటా అడుగు పొర మెమరీలో ఉంటుంది కాబట్టి ఇబ్బంది లేదు, సర్వర్‌కే కరెంటు పోతే మాత్రం క్లస్టర్ మళ్లీ కట్టుకోవాల్సిందే.

మధ్య పొర ప్రాక్స్‌మాక్స్ నోడ్లను ఒకటి చేసి మిగతా రెండు క్లోన్ చెయ్యాలని చూడకండి. నోడు పేరు, సర్టిఫికెట్లు, కీలు లోపల చాలా చోట్ల పాతుకుపోయి ఉంటాయి. మూడూ విడిగా ఇన్‌స్టాల్ చెయ్యడమే నయం. పై పొర చిన్న వీఎంలను క్లోన్ చేసుకోవచ్చు, కానీ ప్రతిదానిలో మెషీన్-ఐడీ ఫైలు ఖాళీ చెయ్యండి. లేకపోతే రెండింటికీ ఒకే ఐపీ అడ్రస్ రావచ్చు. పై పొర వీఎంకు నెట్‌వర్క్ అసలు అందకపోతే అడుగు పొరలో నోడు ఫైర్‌వాల్ చూడండి. అది ఆన్‌లో ఉండి మ్యాక్ ఫిల్టర్ కూడా ఉంటే, నోడుది కాని మ్యాక్ అడ్రస్‌తో వచ్చే ప్యాకెట్లన్నీ అక్కడే ఆగిపోతాయి.

సెఫ్ నిలబెట్టడం

నోడ్లు క్లస్టర్‌లో చేరాక సెఫ్ ఇన్‌స్టాల్ చేసి, నోడుకొక మానిటర్, మూడేసి ఓఎస్‌డీలు పెట్టండి. ప్రాక్స్‌మాక్స్ తెరలోనే అయిపోతుంది, ఇందులో చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. ఓఎస్‌డీ మెమరీ టార్గెట్ 2 జీబీకి దించడం మర్చిపోకండి. పూల్ సైజు (కాపీల సంఖ్య) 3, మిన్ సైజు (పని సాగడానికి ఉండాల్సిన కనీస కాపీలు) 2, అవే డిఫాల్ట్.

పీజీల సంఖ్య మాత్రం మీ చేత్తో పెట్టండి. 32 పీజీలుంటే, మూడు కాపీలు కలిపి 96, తొమ్మిది డిస్కులకు పంచితే డిస్కుకు పదో పదకొండో వస్తాయి. అంత తక్కువైతే ఒక డిస్కుకు ఎనిమిది, ఇంకోదానికి పద్నాలుగు పడతాయి, నిండటంలో చాలా తేడా వస్తుంది. 128 పెట్టి, పీజీల సంఖ్యను తనే మార్చే ఆటోస్కేలర్‌ను ఆ పూల్‌కు ఆపెయ్యండి. డిస్కుకు 42 దాకా వచ్చి లెక్కలు బాగా కుదురుతాయి.

మూడు నోడ్లలోనూ క్రోనీ సమయాన్ని సరిగ్గా ఉంచుతోందో లేదో చూడండి. మానిటర్ల గడియారాల మధ్య 0.05 సెకను తేడా వస్తేనే సెఫ్ హెచ్చరిస్తుంది.

ఇప్పుడు ఆ పూల్ మీద పై పొర వీఎం ఒకటి పెట్టండి. చిన్న లినక్స్, 1 జీబీ మెమరీ చాలు. అందులో సెకనుకొకసారి సమయాన్ని ఒక ఫైల్లో రాసి సింక్ చేసే చిన్న స్క్రిప్ట్ నడపండి. ప్రయోగాలన్నిటికీ ఇదే మీ సాక్షి. ఆ ఫైల్లో రెండు వరుసల మధ్య 40 సెకన్ల ఖాళీ ఉంటే, ఆ 40 సెకన్లూ మీ యూజర్ ఎదురుచూశాడని అర్థం.

పగలగొట్టే ముందు స్నాప్‌షాట్ తీసుకోండి. పై పొర వీఎంలు ఆపి, మూడు నోడ్లూ ఆపి, మూడింటికీ ఒకే పేరుతో తీయండి. వెనక్కి వెళ్లేటప్పుడు కూడా మూడూ కలిసే వెళ్లాలి. ఒక్క నోడునే పాత స్థితికి తీసుకెళ్తే, ఇంతకుముందు రాశానని ఒప్పుకున్న డేటా దాని దగ్గర ఉండదు. సెఫ్ అలాంటిది జరుగుతుందని ఊహించదు. నడుస్తుండగా మెమరీతో కలిపి తీసే స్నాప్‌షాట్ల జోలికి పోవద్దు. వెనక్కి వచ్చాక గడియారాలు చెదిరి మానిటర్లు గొడవ పెడతాయి.

పగలగొట్టడం

మొదట సాక్షి వీఎం లేని ఒక నోడును ఆపండి. షట్‌డౌన్ కాదు, స్టాప్ నొక్కండి. అసలు కరెంటు పోయినట్టుండాలి. బతికే ఉన్నామని ఓఎస్‌డీలు ఒకదానికొకటి పంపుకునే హార్ట్‌బీట్ గడువు 20 సెకన్లు. సాక్షి ఫైల్లో సుమారు అంత ఖాళీ కనబడి మళ్లీ రాతలు సాగుతాయి. సెఫ్ 10 నిమిషాలు ఆగి ఆ నోడు ఓఎస్‌డీలను అవుట్ అని గుర్తించడం మొదలుపెడుతుంది. ఇక రికవరీ మొదలవుతుందని చూస్తూ కూర్చుంటే ఏమీ జరగదు! మూడు కాపీలు మూడు వేర్వేరు నోడ్లలో ఉండాలన్నది రూలు, మూడో నోడే లేదు. కాపీ పెట్టడానికి చోటు లేక క్లస్టర్ డిగ్రేడెడ్‌గానే ఉండిపోతుంది. మూడు నోడ్ల క్లస్టర్ నోడు పోతే తట్టుకుంటుంది గానీ తనంతట తాను మానదు. ఇది నాకు పుస్తకంలో చదివినప్పుడు ఎక్కలేదు, ఆ స్క్రీన్ ముందు ఎదురుచూసినప్పుడు ఎక్కింది.

ఆ నోడు ఆగి ఉండగానే రెండో నోడులో ఒక డిస్కు పీకండి. కొన్ని పీజీలకు ఒకే కాపీ మిగులుతుంది. మిన్ సైజు 2 కాబట్టి వాటికి సెఫ్ చదువు, రాత రెండూ ఆపేస్తుంది. పై పొర వీఎంకు ఎర్రర్ రాదు, ఊరికే నిలిచిపోతుంది. రెండు నిమిషాలకు దాని కన్సోల్‌లో 120 సెకన్లుగా కదల్లేదన్న కెర్నల్ మాట పడుతుంది. మొదటి నోడు తిరిగి లేపండి, వీఎం ఏమీ జరగనట్టు ఆగిన చోటి నుంచే రాయడం మొదలుపెడుతుంది. ఈ ఒక్కటి చూశాక, వీఎం నిలిచిపోయిందని రీబూట్ కొట్టే అలవాటు నాకు పోయింది.

రెండు నోడ్లు ఆపితే మానిటర్ల కోరం (మెజారిటీ) పోతుంది. అప్పుడు సెఫ్ స్టేటస్ కమాండ్ కూడా జవాబివ్వకుండా వేలాడుతుంది. అది ఎలా ఉంటుందో ముందే చూసి ఉండటం మంచిది, అసలు రోజున చేతులాడవు.

పూర్తిగా చావని డిస్కు ఇంకా ప్రమాదం. అడుగు పొరలో ఒక ఓఎస్‌డీ డిస్కుకు సెకనుకు 20 ఐఓలు అని పరిమితి పెట్టండి. ఆ డిస్కు అప్‌లోనే ఉంటుంది, పెద్ద ఎర్రర్ ఏదీ ఉండదు. కానీ మూడు కాపీలూ రాశాకే సెఫ్ సరేనంటుంది కాబట్టి, ఆ డిస్కుతో ముడిపడ్డ ప్రతి రాతా దాని వేగానికే నడుస్తుంది. తొమ్మిదిలో ఒకటి కుంటితే క్లస్టరంతా కుంటుతుంది. ఓఎస్‌డీ పెర్ఫ్ కమాండ్‌తో లేటెన్సీలు చూస్తే దొంగ దొరుకుతాడు. డిస్కు వేగం కొలిచే ఎఫ్ఐఓ పెట్టి ఈ ల్యాబ్‌లో వచ్చే అంకెలను అసలు క్లస్టర్‌తో పోల్చకండి. మామూలప్పుడు ఎంత, డిస్కు కుంటినప్పుడు ఎంత అన్న తేడాయే పనికొచ్చేది.

ఆ రాత్రి మళ్లీ

ఇప్పుడు ఆ 60 శాతం సంగతి. సెఫ్‌తో వచ్చే పరీక్ష సాధనం రేడోస్ బెంచ్‌తో, క్లీనప్ వద్దనే ఆప్షన్ పెట్టి పూల్ నింపండి. 4 ఎమ్‌బీ ఆబ్జెక్టులు 9,200 పడేసరికి 36 జీబీ. ప్రతి నోడులోనూ 60 జీబీకి 36, అంటే 60 శాతం. ఓఎస్‌డీ డీఎఫ్ ట్రీ కమాండ్ ఒక కిటికీలో తెరిచి పెట్టుకోండి. తర్వాత అడుగు పొర నుంచి ఒక డిస్కును డిటాచ్ చెయ్యండి. ఏదో ఒక రాత పని నడుస్తూ ఉండాలి, లేకపోతే డిస్కు లేదన్న సంగతి ఓఎస్‌డీకి వెంటనే తెలియదు.

పది నిమిషాలకు అది అవుట్ అవుతుంది. దాని డేటా ఎక్కడికి వెళ్లాలి? ఆ నోడులోనే ఒక కాపీ ఉండి తీరాలి, ఎందుకంటే మిగతా రెండు నోడ్లలో మిగతా రెండు కాపీలున్నాయి. కాబట్టి అదే నోడులో మిగిలిన రెండు డిస్కుల మీదికే అంతా వస్తుంది. మూడు డిస్కుల 60 రెండు డిస్కుల మీద పడితే 90. సెఫ్‌లో 85 దగ్గర నియర్‌ఫుల్ హెచ్చరిక, 90 దగ్గర బ్యాక్‌ఫిల్ ఆపేయడం, 95 దగ్గర రాతలే ఆపేయడం. కిటికీలో ఆ రెండు డిస్కులు 70, 78, 84 అంటూ ఎక్కుతుంటాయి, ఒకటి ముందు 90 తాకుతుంది, టూఫుల్ అని పడుతుంది. పక్క నోడ్లలో ఆరు డిస్కులు 60 దగ్గరే కదలకుండా ఉంటాయి. ఆ కుర్రాడు అడిగిన 40 శాతం ఖాళీ నిజంగానే ఉంది, కానీ అది ఆ కాపీకి పనికిరాని చోట ఉంది.

అందుకే మూడు నోడ్ల క్లస్టర్‌లో ఎంతవరకు నింపవచ్చో నోడుకెన్ని డిస్కులున్నాయన్న దాన్ని బట్టి ఉంటుంది. ఒక డిస్కు పోయాక కూడా 85 దాటకూడదంటే, నోడుకు మూడు డిస్కులైతే 56 శాతం, నాలుగైతే 63, ఆరైతే 70. నేను ఇప్పుడు ఏ క్లస్టర్ అప్పజెప్పినా మొదట చూసేది ఈ లెక్కే.

ఇరుక్కున్నాక బయటపడటం కూడా ఇక్కడే నేర్చుకోండి. బ్యాక్‌ఫిల్‌ఫుల్ రేషియో 0.92కి పెంచితే తాత్కాలికంగా కదులుతుంది. 95 దాకా నింపి రాతలు ఆగిపోయేలా చేసి, ఫుల్ రేషియో 0.97కి పెంచి, ఆబ్జెక్టులు చెరిపి, మళ్లీ 0.95కి దించండి. దించడం మర్చిపోతే అసలు క్లస్టర్‌లో తర్వాతి ప్రమాదానికి కాపలా ఉండదు.

చివరగా స్నాప్‌షాట్‌కు వెనక్కి వెళ్లి, నాలుగో నోడు చేర్చి, అంతే డేటాతో ఇదంతా మళ్లీ చెయ్యండి. డిస్కులు పన్నెండయ్యాయి కాబట్టి 60 కాస్తా 45 అవుతుంది. ఒక డిస్కు పీకితే మిగతా పదకొండు కొంచెం కొంచెంగా పంచుకుని సగటున 49 దగ్గర ఆగుతాయి. నేను ఇది చేసిన రోజు ఆ కుర్రాడిని పిలిచి రెండు ఫలితాలూ పక్కపక్కన చూపించాను. కాసేపు లెక్క వేసుకున్నాడు.

"మరి నోడు మొత్తం పోతే అన్నా?"

"నువ్వే ఆపి చూడు."

నాలుగో నోడు మీద స్టాప్ నొక్కాడు. పది నిమిషాలు ఇద్దరం మాట్లాడకుండా కూర్చున్నాం. తర్వాత అంకెలు కదలడం మొదలైంది. తొమ్మిది డిస్కులూ 60 దగ్గర నిలిచాయి, పీజీలన్నీ మళ్లీ యాక్టివ్ ప్లస్ క్లీన్ అయ్యాయి.